మన తాతల పేర్లు ఎవరి రిజిస్టర్లలో ఉన్నాయి?

మన వార్షికోత్సవ సంచికలో ఏటా హాస్టల్ జ్ఞాపకాలు వస్తాయి. ట్రంకుపెట్టె తాళాలు, నీళ్ల చారు, స్టడీ అవర్లో కునికిపాట్లు, పదో తరగతి రిజల్ట్స్ నాటి సందడి. అవి ఉండాల్సిందే. అయితే ఈసారి బందరు, గుడివాడ, అవనిగడ్డ హాస్టళ్లలో చదువుకుని బయటికొచ్చిన ఎరుకల, యానాది కుటుంబాల పిల్లలం కొందరం కలిసి ఒక అభిప్రాయం మీ ముందు పెడుతున్నాం. ఊరూరా తిరిగి బతికిన మన తాతముత్తాతల జాడ కాగితాల మీద వెతకాలి. కానీ ఆ కాగితాలు రాసినవాడి కళ్లతో వాటిని చదవకూడదు. వాటి పక్కన మన పుస్తకం మనమే రాసుకోవాలి. మేము చెప్పదలచుకున్నది ఇంతే.

వంశవృక్షాలు రాసుకోవడం భూములున్నవాళ్ల వ్యవహారం కదా, మనకెందుకు అని తమ్ముళ్లు అడగొచ్చు. భూములున్నవాళ్లకు అది ముచ్చట. మనకు అది అవసరం.

మాలో ఒకరు ఇంటర్ అయ్యాక కౌన్సెలింగ్‌కు వెళ్లేముందు కులధ్రువీకరణ పత్రం కోసం ఒక కార్యాలయానికి వెళ్లారు. తండ్రి టి.సి. తెమ్మన్నారు. తండ్రి బడికి వెళ్లలేదు. తాత పేరున భూమి కాగితం తెమ్మన్నారు. తాతకు సెంటు భూమి లేదు. ఏ ఊరు అని అడిగారు. కాలవగట్టు మీద ఏడాదికి ఒకచోట గుడిసె వేసుకున్నవాళ్లకు ఏ ఊరని చెప్పాలి? తిరిగి తిరిగి ఆ ఏడాది సీటు పోయింది. చివరికి మూడు ఊళ్ల అవతల పెదనాన్న రెండో తరగతి దాకా చదివిన ఎలిమెంటరీ స్కూలు అడ్మిషన్ రిజిస్టరులో ఒకే ఒక వరస దొరికింది. పేరు, తండ్రి పేరు, కులం. ఆ ఒక్క వరస ఇవాళ ఆ కుటుంబంలో ముగ్గురు పిల్లల చదువుకు ఆధారమైంది.

కులధ్రువీకరణ పత్రాల జారీకి మన రాష్ట్రంలో 1993లో చట్టం చేశారు. దొంగ సర్టిఫికెట్లను అరికట్టాలన్నది దాని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని మేము కాదనడం లేదు. మన సీట్లు దొంగతనంగా తన్నుకుపోయినవాళ్ల వల్ల నష్టపోయింది మనమే. కానీ ఆ చట్టం ప్రకారం రుజువు చేసుకోవాల్సిన భారం అడిగినవాడి మీదే ఉంటుంది. తరతరాలు కాగితానికి దూరంగా ఉంచినవాళ్లనే కాగితం చూపించమనడం ఎంత చిత్రమో చూడండి. ఆ బరువు మోయక తప్పనప్పుడు మోసే తెలివి నేర్చుకోవాలి.

ఉప్పు మోసిన దారులు

మన బందరులో డచ్చివారి సమాధులున్నాయి. మూడు వందల ఏళ్లు దాటినా రాళ్ల మీద పేర్లు, వాళ్ల వంశచిహ్నాలు చెక్కినవి చెక్కినట్టే కనిపిస్తాయి. సముద్రం దాటి వ్యాపారానికొచ్చి ఇక్కడ చనిపోయిన పరాయివాడి పేరు మనకు తెలుసు. అదే తీరంలో ఉప్పు కొని గాడిదల మీద, ఎద్దుల మీద పెరికెలు వేసుకుని మెట్ట ప్రాంతాల దాకా నడిచిన మన ముత్తవ్వల పేర్లు ఏ రాయి మీదా లేవు.

ఎరుకలవాళ్లంటే సోది చెప్పేవాళ్లు, బుట్టలల్లేవాళ్లు, పందులు పెంచేవాళ్లు అనే నేటి లోకానికి తెలుసు. కానీ మనలో దబ్బ ఎరుకల, ఈతపుల్లల ఎరుకల, కుంచపురి ఎరుకల, పరికముగ్గుల ఎరుకల, కరివేపాకు ఎరుకల, ఉప్పు ఎరుకల అని తెగలున్నాయి. ఆ పేర్లే ఒక చరిత్ర పుస్తకం. వెదురు చీల్చినవాళ్లు, ఈతాకుతో అల్లినవాళ్లు, సాలెవాళ్ల మగ్గాలకు కుంచెలు కట్టినవాళ్లు, ముగ్గువేసి ఎరుక చెప్పినవాళ్లు, కోస్తా నుంచి ఉప్పు మోసి బదులుగా ధాన్యం తెచ్చినవాళ్లు. రోడ్లు లేని కాలంలో ఊరికీ ఊరికీ మధ్య సరుకు నడిచింది వీళ్ల కాళ్ల మీదే.

ఆ బతుకు ఎలా పోయింది? 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం వచ్చింది. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవల్లో పడవలు తిరిగాయి. ఆ తరవాత రైలు వచ్చింది. పడవలో, రైల్లో వెళ్లే ఉప్పుతో గాడిద మీద వెళ్లే ఉప్పు పోటీ పడగలదా? చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తన పుస్తకంలో మద్రాసు ప్రెసిడెన్సీ కొరవ, ఎరుకల కుటుంబాల గురించి చెప్పింది ఇదే. సర్కారు ఉప్పు విధానం, రైళ్లు కలిసి వాళ్ల వర్తకాన్ని దెబ్బతీశాయి. ముందు బతుకుతెరువు పోయింది, తరవాత దొంగలన్న ముద్ర పడింది.

ముద్ర వేసిన చట్టం

నేరస్త తెగల చట్టం మొదట 1871లో ఉత్తర భారతంలో వచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఒక కులాన్ని ప్రకటించేస్తే చాలు, ఆ కులంలో పుట్టిన మనిషి ఏ తప్పూ చేయకపోయినా పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. ఎరుకలవాళ్ల పేర్లు దాంట్లోకెక్కాయి. యానాదుల పేర్లూ కొన్నిచోట్ల ఎక్కాయి. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టిన సెటిల్‌మెంటుకు ఆనాటి మద్రాసు ప్రభుత్వ పెద్ద హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం. బెజవాడకు ఎదురుగా కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరంలోనూ ఒక సెటిల్‌మెంటు ఉండేది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే మద్రాసులో ఆ చట్టం రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయినా మాట పోలేదు. ఇంగ్లీషులో పేరుమోసిన దోపిడీగాడు అని అర్థమొచ్చే రెండు మాటల పొడి అక్షరాలే మన 'కేడీ'. పోలీసు రిజిస్టరులోంచి ఆ మాట బడిలోకి, సినిమాలోకి, మన ఇళ్ల ముందుకి వచ్చింది. స్టువర్టుపురం పేరుతో 1991లో సినిమాలు తీశారు, 2023లోనూ అక్కడి మనిషి మీద సినిమా వచ్చింది. ఆ ఊళ్లో పొలం దున్నినవాడి మీద, టీచరైన అమ్మాయి మీద సినిమా రాలేదు. జాషువా గారి కుమార్తె హేమలతా లవణం 1970ల నుంచి ఆ కుటుంబాల మధ్య చేసిన పని తెలిసినవాళ్లు మనలో ఎంతమంది?

ఇక్కడే మా అసలు మాట. మన పెద్దల పేర్లు కాగితం మీద మొదటిసారి కనిపించేది చాలాచోట్ల ఆ నిఘా రిజిస్టర్లలోనే. మరో పక్క థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల కులాల పుస్తకంలో మనవాళ్ల ఆచారాలున్నాయి. ఆ దొర మనుషుల ముక్కులకు కొలతలు తీసి కులాలను లెక్కగట్టిన మనిషి. కాబట్టి ఆ కాగితాల్లో మనకు పనికొచ్చే నిజం ఉంది, మన మీద వేసిన బురదా ఉంది. పేరు, తండ్రి పేరు, ఊరు, దారి, పని, ఇవి తీసుకుందాం. "స్వభావం" అన్న గడిలో వాడు రాసింది వాడి స్వభావమే అనుకుందాం.

సముద్రాల అవతల మనలాంటివాళ్లు

ఈ బాధ మనొక్కరిదే కాదు. ఐరోపాలో రోమా అనే జనం ఉన్నారు. వెయ్యేళ్ల క్రితమో అంతకు ముందో వాళ్ల పూర్వీకులు మన దేశపు వాయవ్య ప్రాంతం నుంచి బయల్దేరారు. ఈజిప్టు నుంచి వచ్చారనుకుని ఇంగ్లీషువాళ్లు 'జిప్సీ' అన్నారు. వాళ్లు ఎక్కడివాళ్లో చెప్పింది ఏ రాజుగారి శాసనమూ కాదు, వాళ్ల నోట్లోని మాటలు. వాళ్లు నీళ్లను 'పానీ' అంటారు, చెవిని 'కాన్' అంటారు, 'యేక్, దుయ్, త్రిన్' అని లెక్కపెడతారు. 1780లలోనే జర్మన్ పండితులు ఇది గమనించి రాశారు. 2012లో జన్యుపరిశోధన కూడా ఆ దిక్కే చూపింది.

రోమాలు మన లంబాడీలే అని కొందరు, ఎరుకలవాళ్లే అని కొందరు ఉపన్యాసాల్లో చెబుతుంటారు. మేము ఆ మాట చెప్పం. ఎరుకల భాష తమిళానికి దగ్గరి ద్రావిడ భాష. రోమాలది హిందీ, పంజాబీల కుటుంబం. లంబాడీల గోర్‌బోలీ రాజస్థానీకి చెందినది. గ్రియర్సన్ భాషా సర్వే 1922లో మన దేశపు సంచార జాతుల్లో కొన్నిటి మాటలను ఒక సంపుటంలో చేర్చి దానికి 'జిప్సీ భాషలు' అని పేరు పెట్టింది. తిరిగేవాడైతే చాలు, ఒకటే బుట్టలో వేశారు. రక్తసంబంధం ఉందో లేదో గానీ రిజిస్టరు సంబంధం మాత్రం గట్టిగా ఉంది. మద్రాసుకు నేరస్త తెగల చట్టం వచ్చింది 1911లో. మరుసటి ఏడాది, 1912లో ఫ్రాన్సు తిరిగేవాళ్లందరికీ ఒంటి కొలతలు, వేలిముద్రలు ఉన్న పుస్తకం చేతిలో పెట్టింది. 1969 దాకా అది నడిచింది. రుమేనియా ప్రాంతంలో 1856 దాకా వాళ్లు బానిసలు.

ఇప్పుడు బ్రిటన్‌లో రోమా మనవళ్లు తమ తాతల జాడ ఎలా తీస్తున్నారో తెలుసుకుంటే మనకు దారి దొరుకుతుంది. చర్చిలో బాప్తిస్మ రిజిస్టర్లు చూస్తారు. జనాభా లెక్కల కాగితాల్లో ఇంటి నంబరు బదులు 'డేరా' అని రాసిన చోట ఆగుతారు. వృత్తి గడిలో బుట్టలల్లేవాడు, గుర్రాల బేరగాడు అని ఉందా చూస్తారు. ఒక్కో బిడ్డ ఒక్కో ఊళ్లో పుట్టినట్టు ఉంటే ఆ ఊళ్లన్నీ కలిపి గీత గీసి తాత నడిచిన దారి పట్టుకుంటారు. ఇల్లు లేనివాళ్లకు దారే చిరునామా. ఈ మాట మన కాలవగట్లకూ సరిపోతుంది.

కానీ అక్కడే ఒక హెచ్చరిక కూడా ఉంది. 1936 నుంచి హిట్లర్ జర్మనీలో రాబర్ట్ రిట్టర్ అనే డాక్టరు కూడా రోమాల వంశవృక్షాలు సేకరించాడు. అతని సహాయకురాలు వాళ్ల భాష మాట్లాడి నమ్మకం సంపాదించి ముసలివాళ్ల చేత తాతల పేర్లు చెప్పించుకుంది. అలా దాదాపు 24 వేలమంది మీద కాగితాలు తయారయ్యాయి. ఆ కాగితాలు పట్టుకుని మనుషులను చావుశిబిరాలకు పంపారు. నాజీలు చంపిన రోమాలు రెండు లక్షల నుంచి ఐదు లక్షల దాకా ఉంటారని అంచనా. వంశవృక్షం ఎవరు రాస్తున్నారు, ఎవరి దగ్గర ఉంటోంది అన్నది చిన్న విషయం కాదు.

ఎక్కడ వెతకాలి?

మొదటి ఆఫీసు మన ఇంట్లోనే ఉంది. నాయనమ్మను, అమ్మమ్మను అడగండి. నీ వయసెంత అని అడిగితే చెప్పలేరు. కృష్ణా పుష్కరాలకు నీకు పెళ్లయిందా, చంకలో బిడ్డ ఉందా అని అడగండి, చెబుతారు. కృష్ణా పుష్కరాలు 1956, 1968, 1980, 1992, 2004, 2016లలో వచ్చాయి. దివిసీమ వాళ్లకైతే ఇంకో గుర్తుంది, 1977 నవంబర్ 19. ఉప్పెనకు ముందా, తరవాతా అంటే చాలు. ఆ రాత్రి దాదాపు పదివేలమంది పోయారు. పాలకాయతిప్ప, సొర్లగొంది వైపు గుడిసెలతో పాటు గుడిసెల్లోని రేకుపెట్టెలూ పోయాయి, వాటిలోని కాగితాలూ పోయాయి. అక్కడి పిల్లల్ని "పాత కాగితం తే" అని అడిగే అధికారులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గోత్రం అడగండి. సాతుపాడి, కావడి, మానుపాడి, మేంద్రగుత్తి, వీటిలో మనది ఏదో ఎరుకల ఇళ్లలో పెళ్లిమాటలప్పుడు ఇప్పటికీ చూస్తారు. ఓటర్ల లిస్టులో ఇంటిపేరు మూడు రకాలుగా తప్పు పడొచ్చు, గోత్రం మాత్రం తప్పదు. ఆడపిల్లల్ని ఏయే ఊళ్లకిచ్చారో అడగండి. చెయ్యి మీది పచ్చబొట్టు ఏ సంతలో పొడిపించుకుందో అడగండి. యానాది ఇళ్లలో ఎవరి పొలానికి కాపలా ఉన్నారు, ఏ మురుగుకాలవలో పీతలు పట్టారు అని అడగండి. అవన్నీ ఊళ్ల పేర్లే.

తరవాత బడి. మీ అమ్మానాన్నల తరంలో, వాళ్ల అన్నదమ్ముల్లో ఒక్కరైనా ఒకటో తరగతిలో పేరు రాయించుకుని ఉంటారు. పుట్టినతేదీ మేస్టారు వేసిన జూన్, జూలై తేదీ కావచ్చు, దాన్ని నమ్మకండి. తండ్రి పేరు, కులం గడి మాత్రం బంగారం.

ఆ తరవాత రెవెన్యూ. అడంగల్‌లో మన పేర్లు ఉండవు. కానీ పోరంబోకులో గుడిసె వేసినందుకు ఇచ్చిన బి-మెమో ఏ ఇంట్లోనైనా చూరులో దొరికితే చించెయ్యకండి. ఆక్రమణదారుడని నిందిస్తూ ఇచ్చిన ఆ చీటీయే, ఫలానా సంవత్సరంలో ఫలానా ఊళ్లో మీ తాత ఉన్నాడని సర్కారే ఒప్పుకున్న సాక్ష్యం. చర్చికి వెళ్లిన కుటుంబాలైతే బాప్తిస్మ రిజిస్టరు అడగండి. సెటిల్‌మెంట్ల మీద మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఎం.ఏ. హిస్టరీ చదివే అన్నలు, అక్కలు ఎవరైనా ఆ పని మీద వేసుకోవాలని మా కోరిక. ఇక్కడి కార్యాలయాల్లో నకలు ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

దాచడమా? గొప్ప చెప్పుకోవడమా?

మా అభిప్రాయాన్ని కాదనేవాళ్లు పూర్వ విద్యార్థుల్లోనే రెండు రకాలున్నారు. మొదటివాళ్లు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. "ఇప్పుడు బాగున్నాం, అద్దె ఇంటివాళ్లకు కులం చెప్పలేదు, పిల్లలకూ చెప్పలేదు. పోలీసు రిజిస్టర్లు తవ్వి ఏం చేస్తారు?" అంటారు. వాళ్ల భయం మాకు తెలుసు. అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో బందరులోనూ, గుడివాడలోనూ అనుభవించినవాళ్లమే. కానీ దాచినకొద్దీ ఆ ముద్ర నిజమేనని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. వాళ్ల పిల్లవాడికి రేపు ఎవడో సినిమా చూసి చెబుతాడు మీ తాత దొంగ అని. తాత ఉప్పు వర్తకుడని తెలిసిన పిల్లవాడు దానికి జవాబు చెబుతాడు, తెలియనివాడు తల దించుకుంటాడు.

రెండోవాళ్లు సభల్లో మాట్లాడేవాళ్లు. మనం ఏకలవ్యుడి వంశం అంటారు. ఆ పేరు మీద అభిమానం మాకూ ఉంది. వేలు పోగొట్టుకున్నవాడి కథ వేలిముద్రలు ఇచ్చినవాళ్లకు దగ్గరగా అనిపించడం సహజం. అయితే పురాణం దగ్గర మొదలుపెట్టి నేరుగా మనదాకా వచ్చేస్తే మధ్యలో ఉన్న మనుషులందరూ మాయమైపోతారు. ముళ్లకంప పక్కన ప్రసవించి మూడో రోజు నడక సాగించిన ముత్తవ్వకు పురాణంలో చోటు లేదు. మనకు కావాల్సింది ఆమె పేరు.

అందుకే హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా సూచన ఇది. సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లేటప్పుడు ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు తీసుకెళ్లండి. మొదటి పేజీలో మీ పేరు, తరవాత అమ్మ వైపు నాలుగు తరాలు, నాన్న వైపు నాలుగు తరాలు. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఖాళీ వదలండి, ఊహించి నింపొద్దు. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన రాయండి. వీలైతే సెల్‌ఫోన్లో గొంతు రికార్డు చేయండి. ఎరుకల మాట ఇంట్లో మాట్లాడే ముసలివాళ్లుంటే ఆ మాటలోనే రాసుకోండి. మాల, మాదిగ మిత్రులు కూడా ఈ పని చేయాలి. వెట్టి చేసిన ఊరు, వలసొచ్చిన కరువు, బడిలో మొదట అడుగుపెట్టిన మనిషి, ఇవి మీ ఇళ్లలోనూ చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు.

ఆ పుస్తకం మీ ఇంట్లోనే ఉండాలి. ఎవరో సర్వే అని వచ్చి అడిగితే ఇచ్చేయొద్దు, కావాలంటే చూపించి నకలు ఇవ్వండి. ఇంట్లోవాళ్లు వద్దన్న సంగతి ఏ సంచికలోనూ అచ్చువేయొద్దు. జర్మనీ రోమాల కథ ఇందుకే చెప్పాం.

మన హాస్టల్ అడ్మిషన్ రిజిస్టరు కూడా ఒక చరిత్రే. అందులో మన పేరు పక్కన వేలిముద్ర అడగలేదు, సంతకం అడిగారు. చాలా కుటుంబాల్లో కాగితం మీద పడిన మొదటి సంతకం అదే. వార్డెన్లకు మా విన్నపం: పాత రిజిస్టర్లు చెదలు పట్టాయని తూకానికి అమ్మించొద్దు. వాటిని భద్రపరిచే ఖర్చుకు పూర్వ విద్యార్థులం చందాలు వేసుకుంటాం. వచ్చే వార్షికోత్సవం నాటికి కనీసం ఇరవై కుటుంబాల పుస్తకాలు తయారైతే, ఆ ఇళ్ల పెద్దల్ని ఇదే వేదిక మీదికి పిలిచి వాళ్ల పూర్తి పేర్లు, వాళ్ల అమ్మల పేర్లతో సహా మైకులో చదువుదాం.

– ఎరుకల, యానాది పూర్వ విద్యార్థులం కొందరం